పుస్తకం పట్టుకుని చోటు వెతుకుతూ

(రామతీర్థంలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను బహిరంగ స్థలాలు, స్త్రీల హక్కులు అనే విషయం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద పేరు పెట్టుకుని మాట్లాడితే భోజనాల తరవాత వేళ కదా, మీరు నిద్రపోతారు. నేనూ నిద్రపోతాను. అందుకని ఒక చిన్న పని గురించి చెబుతాను. సంక్రాంతి వెళ్లాక మేం నలుగురం కలిసి ఒక రచయిత్రి కథల పుస్తకాన్ని విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఊరూరా తీసుకెళ్లాం. ఆవిడ ఈ ప్రాంతం మనిషే. టీచరుగా చేసి రిటైరయ్యారు. పలాస జీడిపప్పు బట్టీల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ల గురించి, నారమిల్లు కార్మికుల ఇళ్ల గురించి రాశారు. ఎవరి గురించి రాశానో వాళ్ల మధ్య కూచుని చదవాలని ఆవిడ కోరిక. రైళ్లు, బస్సులు, పుస్తకాల కట్టలు మోయడం తలా ఒకరం పంచుకున్నాం. సభకు చోటు చూడటం నా వంతుకి వచ్చింది.

అన్నిట్లోకీ తేలిక పని నాకే దక్కిందని మొదట సంతోషించాను.

పట్టణంలో నిజంగానే తేలిక. విజయనగరం లాంటి ఊళ్లో సాహిత్య సభ అంటే అడగగానే చోటిచ్చేవాళ్లు ఉంటారు. గురజాడ నడిచిన ఊరు, ఆదిభట్ల నారాయణదాసు హరికథ చెప్పిన ఊరు. మా మొదటి సభ ఒక పట్టణంలో, మంచి హాల్లో, సాయంత్రం ఆరింటికి జరిగింది. ఏ పట్టణమో చెప్పను, ఎందుకంటే అన్ని పట్టణాల్లోనూ ఇలాగే జరుగుతుంది. వేదిక మీద అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, పుస్తకాన్ని సమీక్షించేవారు, సమన్వయకర్త. వీరిలో ఐదుగురు పురుషులు. ముఖ్య అతిథి గారు ముప్ఫై అయిదు నిమిషాలు మాట్లాడారు. అందులో పుస్తకం గురించి నాలుగు నిమిషాలు. మిగతాదంతా ఆయన చిన్నతనంలో చూసిన సాహితీమూర్తుల గురించి. శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి ఎనిమిదింబావు. అప్పుడు "రచయిత్రి స్పందన" అని పిలిచారు. వెనక వరసల్లో కూచున్న ఆడవాళ్లు, కాలేజీ అమ్మాయిలూ, ఇద్దరు ఆశా వర్కర్లూ, ఏడున్నరకే ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. పుస్తకం రాసిన మనిషి తన పుస్తకం గురించి నోరు విప్పే సమయానికి ఆ హాల్లో మిగిలిన ఆడవాళ్లం మేమే, తీసుకొచ్చినవాళ్లం.

లేచి వెళ్లిపోయిన వాళ్లని తప్పు పట్టగలమా? 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. అది చిన్న మేలు కాదు. మా యాత్రలో పుస్తకాల కట్టలకే తప్ప మా నలుగురి ప్రయాణానికి పెద్దగా ఖర్చు కాకపోవడానికి అదే కారణం. కాని టిక్కెట్టు లేకపోయినంత మాత్రాన ఆఖరి బస్సు ఆలస్యంగా బయలుదేరదు. దిగిన చోటు నుంచి ఇంటిదాకా దీపాలు వెలగవు. రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరిన కూతుర్ని, కోడల్ని ఇంట్లో అడిగే ప్రశ్నలు మారవు. ఆరింటికి సభ అని కరపత్రం వేసినప్పుడే ఎవరు రానక్కర్లేదో మనం రాసేస్తున్నాం.

రెండో ఊళ్లో ఈ భాగ్యం కూడా దొరకలేదు. అక్కడ ఒక కల్యాణమండపం మాట్లాడాను. పెళ్లిళ్లు లేని రోజే. అడ్వాన్సు పుచ్చుకునే ముందు అక్కడి గుమాస్తా రసీదు పుస్తకం తెరిచి "మగవాళ్లెవరైనా ఉన్నారా మేడమ్, సంతకానికి?" అని అడిగాడు. నేను చేస్తానన్నాను. "అది కాదండి, రేపు ఏదైనా జరిగితే పూచీ ఉండాలి గదా" అన్నాడు. మొరటు మనిషి కాదు. కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు. నలభై ఏళ్లు దాటాయి, ఇన్నాళ్లుగా విద్యార్థుల సిద్ధాంత గ్రంథాల మీద సంతకాలు పెడుతున్నాను, రెండు గంటల సేపు ఒక గదికి మాత్రం నా సంతకం చెల్లలేదు. చివరికి మాతో వచ్చిన ఆటో అబ్బాయి సంతకం పెట్టాడు. అతనికి ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. అది అతనికీ నవ్వులాటగానే ఉంది, నాకు మాత్రం ఇప్పటికీ లేదు. ఆ రోజు కోపం వచ్చిందా అంటే రాలేదు. చోటు దొరికిందన్న సంబరంలో ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే తరవాత బాధపెట్టింది.

ఇంతా చేసి ఆ చోటూ నిలవలేదు. సభకు రెండు రోజుల ముందు మా కరపత్రం వాళ్ల చేతికి వెళ్లింది. అందులో గృహహింస అనే మాట ఉంది. ఫోను వచ్చింది. శుభకార్యాలు జరిగే చోటు, అలాంటి మాటలు మైకులో వినపడితే బాగోదు అన్నారు. అడ్వాన్సు పూర్తిగా తిరిగిచ్చేశారు. దెబ్బలు తిన్న ఎందరి పెళ్లిళ్లు అదే మండపంలో జరిగాయో అని రచయిత్రి అంది. ఫోనులో కాదు, మాతో.

మనం కొంచెం వెనక్కి చూద్దాం. ఈ వెతుకులాట మనతో మొదలైంది కాదు. భండారు అచ్చమాంబ గురించి మీలో చాలామందికి తెలుసు. 1874లో పెనుగంచిప్రోలులో పుట్టింది. బడికి పోకుండా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర కూచుని చదువు నేర్చుకుంది. స్త్రీల చరిత్రలు పోగుచేసి అబలా సచ్చరిత్ర రత్నమాల రాసింది. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ఆ తరవాత ఆంధ్రదేశంలో ఊళ్లు తిరిగి ఉపన్యాసాలిచ్చి స్త్రీ సమాజాలు పెట్టించింది. 1905 జనవరిలో చనిపోయేనాటికి ముప్ఫై ఒక్క ఏళ్లు కూడా లేవు. చరిత్ర పుస్తకాల్లో ఆమెను తొలి కథయిత్రి అనీ, తొలి స్త్రీల చరిత్రకారిణి అనీ రాస్తారు. నాకు మాత్రం ఇప్పుడు ఆమె చేసిన ఇంకో పని పెద్దదిగా కనబడుతోంది. స్త్రీ సమాజం అంటే ఏమిటి? ఆడవాళ్లు కూచుని చదువుకోడానికి, ఒకరు చెబుతుంటే పదిమంది వినడానికి, మరెవరి పూచీ అక్కర్లేని ఒక చోటు. ఆమె వెళ్లిన ఊళ్లలో ఒక ఉపన్యాసం ఇచ్చి ఊరుకోలేదు. తను వెళ్లిపోయాక కూడా మిగిలే చోటుని ఏర్పాటు చేసింది.

అదే కాలపు మగవాళ్ల సంగతి చూడండి. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. ఆడపిల్లల అమ్మకం గురించిన నాటకం. ఆ రోజుల నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవాళ్లు. గురజాడని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ కథ ఎవరిదో వాళ్లు ఆ రంగస్థలం మీద లేరన్నదే నేను చెప్పేది.

పండిత రమాబాయి పుస్తకయాత్ర ఇంకా ముందుది. 1886లో అమెరికా వెళ్లి, అగ్రవర్ణ హిందూ స్త్రీల స్థితి మీద ఇంగ్లీషులో పుస్తకం రాసి, 1887లో అచ్చు వేయించి, ఊరూరా తిరిగి మాట్లాడింది. అక్కడ చర్చీలు, మహిళా సంఘాలు ఆమెకు తలుపులు తెరిచాయి. ఆమె పేరున రమాబాయి సర్కిళ్లు ఏర్పడ్డాయి. ఆ డబ్బుతో 1889లో బొంబాయిలో శారదా సదన్ పెట్టింది. బోస్టన్లో దొరికిన చోటు మన దేశంలో దొరికిందా అని అడగవచ్చు. అయితే అక్కడ తలుపు తెరిచినవాళ్లకూ తమ లెక్కలు తమకున్నాయి. క్రైస్తవురాలైన హిందూ వితంతువు అని విని వచ్చినవాళ్లు ఎక్కువ. చోటిచ్చినవాడు వినదలుచుకున్నదొకటి ఉంటుంది. అది మనం ఎప్పుడూ గుర్తు పెట్టుకోవాలి.

సరే, మా యాత్రకు వస్తాను. మండపం పోయాక నాకు గ్రంథాలయం గుర్తొచ్చింది. ముందే గుర్తురావలసింది. ఆంధ్రదేశంలో తొలి పౌర గ్రంథాలయం 1886లో విశాఖపట్నంలోనే పెట్టారని చెప్పుకుంటాం. 1960 చట్టం వచ్చాక మన ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఆ డబ్బులో ఆడవాళ్ల కష్టం ఉంది. కాబట్టి అది మనం బతిమాలుకోవలసిన చోటు కాదు. ఆ ధైర్యంతోనే ఒక శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. గ్రంథపాలకుడు మంచివాడు, పుస్తకాలంటే ఇష్టమున్నవాడు. కాని వేళలు? పొద్దున్న కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు. మధ్యాహ్నం తాళం. మన చాలా శాఖా గ్రంథాలయాల పద్ధతి ఇదే. ఆలోచించి చూడండి. పొద్దున్న తెరిచే వేళకు ఆడవాళ్లు పొయ్యి దగ్గర ఉంటారు. సాయంత్రం తెరిచే వేళకు మళ్లీ పొయ్యి దగ్గరే. ఒంటిగంట నుంచి నాలుగు దాకా, పిల్లలు బడి నుంచి రాకముందు, గృహిణికి దొరికే ఆ కాస్త వెలుతురు వేళ, గ్రంథాలయం మూసి ఉంటుంది. లోపలికి ఎవరూ రావద్దనలేదు. పేపర్ల బల్ల చుట్టూ మగవాళ్లే కూచున్న ఆ గదిలోకి మనమే రాలేదు, అంతే. "ఆడవాళ్లు పుస్తకాలు తీసుకోరా?" అని అడిగాను. తీసుకుంటారట. కొడుకుల చేత తెప్పించుకుంటారట.

1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. చదివేవాడు పుస్తకం దగ్గరకు రాకపోతే పుస్తకమే అతని రేవుకి వెళ్లింది. తొంభై ఏళ్ల కిందట పడవకి తోచిన ఉపాయం పక్కా భవనానికి తోచడం లేదు.

ఇక ఈ రామతీర్థం. ఇక్కడ సభ పెడతామంటే చాలామంది ఇచ్చిన సలహా ఒకటే, శివరాత్రి జాతరకి పెట్టండి, జనమే జనం అని. రాముడి గుడి ఉన్న ఊళ్లో శివరాత్రి జాతర ఏమిటని బయటివాళ్లు ఆశ్చర్యపోతారు గాని మనకి అలవాటే. ఈ కొండల మీద బౌద్ధ విహారాల ఇటుకలున్నాయి, జైన శిల్పాలున్నాయి, కింద రామాలయం ఉంది. ఎవరి మాట వాళ్లు చెప్పుకోడానికి ఇక్కడ చోటు ఎప్పుడూ కరువు కాలేదు. అయినా జాతర వద్దంది రచయిత్రి. "జాతరలో నా గొంతు జీళ్లు అమ్మేవాడి మైకు కింద పోతుంది, నాకు నలభై మంది చాలు" అంది.

చుట్టుపక్కల ఊళ్లలో ఒకదాన్లో పొదుపు సంఘం లీడరు మాకు సాయం చేసింది. ఊరి పేరు వద్దు. రామమందిరం ముందు సిమెంటు అరుగు, పైన రేకులు, పక్కనే కుళాయి. అద్దె లేదు, మైకు అక్కర్లేదు. గుమాస్తా లేడు, రసీదు లేదు. మధ్యాహ్నం రెండున్నరకి పెట్టాం. వేదిక లేదు గనక అధ్యక్షుడూ లేడు. నలభై మంది దాకా వచ్చారు, చంటిపిల్లలతో, చేటల్లో చింతపండుతో. గింజలు తీస్తూ విన్నారు. రచయిత్రి మూడు కథలు చదివింది. నాలుగున్నరకి పిల్లలు బడి నుంచి వచ్చి తల్లుల భుజాల మీద వాలారు, సభ దానంతటదే ముగిసింది. నేను ఎంత మురిసిపోయానంటే, సరైన చోటూ సరైన వేళా నాకు దొరికేశాయని, రాత్రికి కూచుని ఒక వ్యాసం కూడా మొదలుపెట్టాను.

మర్నాడు పొద్దున్న ఆ అరుగు తుడవడానికి ఒకామె వచ్చింది. పుస్తకం కట్ట కడుతున్న నన్ను చూసి "నిన్న మా ఈదోలు ఒక్కలూ రాలేదు, సూసినావా అమ్మా?" అంది. నేను చూడలేదు. నలభై తలలు లెక్కపెట్టాను గాని అవి ఏ వీధి తలలో చూడలేదు. కులం గురించి రెండు పుస్తకాలు రాసిన మనిషిని. ఎందుకు రాలేదమ్మా, రావద్దన్నారా అని అడిగాను. ఆమె నావైపు జాలిగా చూసింది. "రావద్దని ఎవలూ అన్రమ్మా. ఆ అరుగు తుడుత్తాం. ఎక్కి కూకోం" అంది.

అదీ సంగతి. మండపం గుమాస్తా మీదా, వేదిక మీది పెద్దమనుషుల మీదా నాకున్న ఫిర్యాదు అంతా ఒక్కసారి నామీదకే తిరిగింది. అక్కడ నన్ను బయట ఉంచింది రసీదు పుస్తకం. ఇక్కడ వాళ్లని బయట ఉంచింది నేను ఎంచుకున్న అరుగు. నా కరపత్రంలో "స్త్రీలందరికీ ఆహ్వానం" అని పెద్ద అక్షరాల్లో ఉంది.

మీ వీధిలో చదివితే వస్తారా అన్నాను. వస్తామంది. మధ్యాహ్నం రెండున్నరకి పెడదామా అన్నాను, కనిపెట్టిన వేళ కదా. ఆమె నవ్వింది. "మజ్జేన్నం మేం ఇంటికాడ ఎక్కడుంటాం? పనికాడ ఉంటాం. రేతిరి అన్నాలు తినీసినాక రండి." చూశారా, ఆడవాళ్లకి అనువైన వేళ అని నేను కనిపెట్టింది సొంత పొలం, సొంత పొయ్యి ఉన్న ఆడవాళ్ల వేళ. కూలికి పోయే మనిషికి రాత్రే వీలు. పొద్దు కుంకితే ఆడవాళ్లు బయటికి రాలేరని నేను మొదటి సభ తరవాత రాసుకున్న సూత్రం ఆ వీధిలో పనిచెయ్యలేదు, ఎందుకంటే అక్కడ వాళ్లు ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, వాళ్ల గుమ్మాల ముందుకే మేం వెళ్లాం.

ఎనిమిదిన్నరకి వీధి దీపం కింద గోనెలు పరిచి కూచున్నాం. ఆఖరి బస్సు ఎటూ పోయింది. ఆ రాత్రి వాళ్ల ఇళ్లలోనే పడుకున్నాం. రచయిత్రి పలాస కథ చదివింది. జీడిపిక్క పెంకులో రసం చర్మాన్ని కాల్చేస్తుందని మీకు తెలుసు. ఏళ్ల తరబడి పిక్కలు కొట్టిన ఆడమనిషి వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. కథలో ఆమె రేషన్ డిపోకి వెళుతుంది, వేలిముద్ర మిషను ఆమె వేలుని ఒప్పుకోదు. మళ్లీ పెట్టు, తుడిచి పెట్టు, రేపు రా అంటారు. ఆమె ఖాళీ సంచీతో ఇంటికి వచ్చి ఏడుస్తుంది. అక్కడితో కథ అయిపోతుంది. పట్టణం సభలో సమీక్షకుడు ఈ ముగింపుని ఎంతో మెచ్చుకున్నారు, కరుణరసం అన్నారు.

కథ అయ్యాక కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత వెనక నుంచి ఒక పెద్దావిడ చెయ్యి దీపం వైపు చాపి చూపించింది. జీడిపిక్కలు కావు, ఇటుకలు, కోతలు. "నాదీ పడదు. అయితే ఏడుసుకుంట ఇంటికెందుకెల్తాను? ఆ మిసను కాడే కూకుంటాను. ఎంతసేపు సూడకుండా ఉంటాడు?" అంది. ఇంకో ఆమె "నీ కతలో మనిసి ఒక్కర్తే ఎల్లింది గావాల" అంది. "మేం నలుగురం ఎల్తాం." దాంతో అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. వేలు పడకపోతే కన్ను పెట్టించాలని ఒకరు, డీలరు ఆ మాట చెప్పడని ఇంకొకరు. రచయిత్రి పుస్తకం మూసి, వెనక అట్ట మీద పెన్నుతో రాసుకుంటూ కూచుంది. పదకొండు దాటింది. ఆ పుస్తకం మీద నేను విన్న అసలైన సమీక్ష అదే. పట్టణం హాల్లో ఆ సమీక్ష చేసేవాళ్లకి కుర్చీ వెయ్యలేదు మనం.

ఇక్కడ దూబగుంట జ్ఞాపకం వస్తుంది. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిబడుల్లో ఆడవాళ్లు వాచకంలోని ఒక పాఠం, సారా వల్ల నాశనమైన కాపురం కథ, కూడబలుక్కుని చదివారు. దూబగుంట స్త్రీలు ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఉద్యమం జిల్లా దాటింది, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించింది. దాని గురించి మనం చాలా రాశాం, నేనూ రాశాను. అయితే ఆ పాఠాన్ని గురించి రాసినంతగా దాన్ని చదివిన చోటు గురించి రాయలేదు. అదే పాఠం ఏ పట్టణం హాల్లోనో ముఖ్య అతిథి సమక్షంలో చదివి ఉంటే చప్పట్లు పడేవి. దుకాణం మాత్రం తెరిచే ఉండేది.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథల కోసమే కట్టిన కథానిలయం ఉంది. రచయిత్రి అక్కడికి వెళ్లి తన పుస్తకం రెండు ప్రతులు ఇచ్చి రావాలని ముచ్చటపడింది. ఇచ్చి వచ్చాం. ఆవిడ కాసేపు ఆ బీరువాల ముందు నిలబడింది. అచ్చయిన కథ పోకుండా దాచడానికి ఒక ఇల్లు ఉండటం మన ఉత్తరాంధ్రకి గర్వకారణం. కథను వినే వాళ్లకి ఇల్లు సంగతే ఇంకా తేలలేదు.

పలాసలో రెండు చోట్ల పెట్టాం. ఈసారి ముందు వెళ్లి అడిగాం, ఎక్కడ కూచుంటారు, ఏ వేళకి, ఎవరు రారు అని. మూడో ప్రశ్న వేసిన కొత్తలో జనం తడబడతారు. రెండోసారి అడిగితే చెబుతారు. మరుగుదొడ్డి ఎక్కడుందో కూడా అడిగాం. నవ్వకండి, రెండు గంటలు కూచోవలసిన సభకి గర్భిణీలు, పెద్దవాళ్లు ఎందుకు రారని మనం సిద్ధాంతాలు చేస్తుంటాం, కారణం చాలాసార్లు అంతే. పిక్కలు కొట్టే ఆడవాళ్లు పని దిగి, చేతులు కడుక్కుని వచ్చారు. ఒక సభ వాళ్లలో ఒకామె ఇంటి పెరట్లో, ఇంకోటి ఒక దర్జీ కొట్టులో. పాత ముగింపే చదివింది రచయిత్రి, తరవాత ఆ వీధి దీపం కింద ఏమన్నారో చెప్పింది. రెండిట్లో ఏది ఉంచాలని గంటసేపు వాదన జరిగింది. ఒప్పందం కుదరలేదు. రెండో ముద్రణలో రెండూ వేస్తానంటోంది ఆవిడ. పబ్లిషరు ఒప్పుకోవాలి.

నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ఒక్క మాట మిగిలింది. తిరిగి వచ్చేటప్పుడు ఆ శాఖా గ్రంథాలయానికి మళ్లీ వెళ్లాం. ఈసారి ఒక్కదాన్నే కాదు, పొదుపు సంఘం వాళ్లు పదకొండు మంది, అరుగు తుడిచే ఆమెతో సహా. వారానికి రెండు మధ్యాహ్నాలు, ఒక రాత్రి గ్రంథాలయం తెరవాలని అర్జీ రాశాం. సెస్సు సంగతి కూడా రాశాం. కొందరు సంతకాలు పెట్టారు, కొందరు వేలిముద్రలు వేశారు. అరిగిన వేళ్లతో వేసినవి కొన్ని మసకగా పడ్డాయి. గ్రంథపాలకుడు తన చేతుల్లో లేదని, పైకి పంపుతానని చెప్పి, తీసుకున్నట్టు రాసిచ్చాడు. ఆ కాగితం ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది. నా దగ్గర ఉంచుకుంటానంటే ఇవ్వలేదు.